భయపడుతూనే అడిగినవాడు

(మన ఫోరం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసి ఇమ్మన్నారు. కొన్నిచోట్ల మాత్రం సరిచేశాను.)

 

నాకు ప్రసంగాలు అలవాటు లేదు. నేను మాట్లాడేది పొద్దున ఆరు గంటలకు సైటులో టూల్‌బాక్స్ మీటింగులోనే. అది పది నిమిషాలు. హెల్మెట్, బెల్టు, నీళ్ళు, ఎవరికైనా జ్వరం ఉందా, అంతే. అదీ హిందీలో. నెల కింద మన కార్యదర్శి అన్న ఫోన్ చేసి, "విశ్వాసంతోని కొత్త అడుగు ఎయ్యనీకె నీకు ధైర్యం ఎట్లొచ్చిందో చెప్పు తమ్మీ" అన్నాడు. ఆయన హనుమాన్ భక్తుడు, మంగళవారం ఒక్కపొద్దు ఉంటాడు. "మీటింగుల అందరు ఉంటరు గదా అన్నా, బాగుంటదా?" అని అడిగాను. "నీకు జరిగింది నువ్వు చెప్తే ఎవలకేం తిప్పలు" అన్నాడు. అందుకని నాకు జరిగిందే చెప్తాను.

ముందే ఒక మాట. "ప్రార్థన చేశాను, జీతం వచ్చింది" అని సాక్ష్యం చెప్పడానికి నేను ఇక్కడ నిలబడలేదు. అట్లాంటి సాక్ష్యాలు ఫోన్లలో చాలా తిరుగుతున్నాయి. వంద దిర్హాములు విత్తనంగా పంపండి, ప్రమోషన్ వస్తుంది, వీసా వస్తుంది అని చెప్పే వీడియోలు మన క్యాంపుల్లోకి కూడా వచ్చాయి. నెలకు వెయ్యి సంపాదించేవాడి దగ్గర వంద అడిగే బోధకుడి మీద నాకు మంచి అభిప్రాయం లేదు, ఆయన ఎంత బాగా పాడినా సరే. నా విషయంలో అయితే ప్రార్థన చేసి అడుగు వేసిన తర్వాత రెండు నెలలు అసలు జీతమే లేదు.

మాది మెదక్ దగ్గర పల్లె. మా బాపు తాపీమేస్త్రి. మెదక్ చర్చి మీలో చాలామంది చూసే ఉంటారు. 175 అడుగుల గంట గోపురం. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. 2024 క్రిస్మస్‌కు నూరేళ్ళు నిండాయి. కరువు కాలంలో పాస్నెట్ దొర జనానికి పని కల్పించి, ఆ పనికి తిండి పెట్టి కట్టించిన గుడి అది. మా ముత్తాత అక్కడ రాళ్ళు మోసిండని మా ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం ఏమీ లేదు, మాటే. క్రిస్మస్‌కు బాపు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తీసుకుపోయి, "పైకి జూడు బిడ్డా, గోడ ఎంత సక్కగ లేసిందో" అనేవాడు. అందరూ రంగు అద్దాల కిటికీలు చూస్తుంటే ఆయన గోడ చూసేవాడు. నాకూ అదే చూపు వచ్చింది.

2009లో సివిల్ డిప్లొమా పాసయ్యాను. పట్నంలో ఒక కాంట్రాక్టర్ దగ్గర మూడేళ్ళు చేశాను, ఆరు వేల జీతం. బాపు నడుము పడిపోయింది. చెల్లె పెండ్లి అయింది. నా పెండ్లి కూడా అయింది. లక్షన్నర అప్పు, నూటికి మూడు రూపాయల మిత్తి. అంటే నెలకు నాలుగున్నర వేలు మిత్తికే. 2013లో దుబాయ్ వచ్చాను. సూపర్‌వైజర్ వీసా లేదు, షట్టరింగ్ కార్పెంటర్ వీసా ఉంది అన్నాడు ఏజెంటు. సెలవుల్లో బాపుతో సెంట్రింగ్ పనికి పోయేవాణ్ణి గనక చేతికి పని తెలుసు. డిప్లొమా సర్టిఫికెట్ ఇంట్లో ఇనుప పెట్టెలోనే ఉండిపోయింది.

మాది చిన్న సబ్‌కాంట్రాక్టు కంపెనీ. నాతో కలిపి 23 మందిమి. ఊర్లో చెప్పిన జీతం 1,200 దిర్హాములు, కాగితం మీద రాసింది 800. ఇస్తున్నంతకాలం 1,200 ఇచ్చారు కాబట్టి కాగితం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను. ఏటీఎం కార్డులు ఆఫీసులోనే పెట్టుకునేవారు. అదీ తప్పే. మేం అడగలేదు.

2016 ఫిబ్రవరి జీతం రాలేదు. మార్చి రాలేదు. పెద్ద కంపెనీ నుంచి బిల్లు రాలేదు, వచ్చినంక అంతా ఒకేసారి ఇస్తాం అన్నారు. ఏప్రిల్ కూడా పోయింది. తిండికి మాత్రం వారానికి యాభై దిర్హాములు చేతిలో పెట్టేవారు. అప్పటికి నేను చార్జ్‌హ్యాండ్ అయ్యాను. ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి మా రూముల్లో నేనొక్కణ్ణే.

మే నెల చివర ముదీర్ నన్ను ఆఫీసుకు పిలిచి ఒక కాగితం ఇచ్చాడు. 23 పేర్లు, పక్కన నాలుగు నెలల జీతం, ఆ పక్కన సంతకం గడి. పైన ఇంగ్లీషులో, ఇంత మొత్తం నగదుగా ముట్టింది అని ఉంది. "ఇది ఆడిట్ కోసం, పైసలు పది రోజుల్లో వస్తాయి. నువ్వు సంతకాలు తెస్తే నీకు నెలకు మూడు వందలు ఎక్కువ" అన్నాడు.

ఇక్కడ నా గురించి నిజం చెప్పాలి. నేను కాగితం చదివాను. అర్థమైంది. అయినా తీసుకున్నాను. ఆ రాత్రి ఆరు సంతకాలు తెచ్చాను.

ఆ ఆరింటిలో ఒకటి జగిత్యాల కాకది. యాభై దాటిన మనిషి, మంచి కార్పెంటర్. బిడ్డ పెండ్లి కోసం వచ్చాడు. ఆయన కుబ్బూస్ తింటూ, చేయి తుడుచుకుని, "ఏముందిరా ఇండ్ల?" అని అడిగాడు. "ఏం లేదు కాకా, ఆఫీసుకు లెక్క" అన్నాను. కండ్లద్దాలు కూడా పెట్టుకోలేదు. గీకి ఇచ్చేశాడు.

ఆ మర్నాడు శుక్రవారం. అప్పట్లో ఇక్కడ వారపు సెలవు శుక్రవారమే. 2022 నుంచి సర్కారు ఆఫీసులకు శని, ఆదివారాలకు మారింది. జెబెల్ అలీ చర్చి కాంపౌండులో మా తెలుగు సహవాసం సాయంత్రం కూడుకునేది. మాకు వాక్యం చెప్పే అన్న వారం అంతా ఏసీ మెకానిక్, శుక్రవారం పాస్టర్. ఆయన నెల రోజుల నుంచి నెహెమ్యా గ్రంథం ఒక్కో అధ్యాయం చెప్పుకుంటూ వస్తున్నాడు. ఆ రోజు ఐదో అధ్యాయం. సంతకాల కాగితం మడతపెట్టి నా చొక్కా జేబులోనే ఉంది.

నెహెమ్యా ఎవరో తెలియనివాళ్ళకు చెప్తాను, ఎందుకంటే ఈయన మనవాడు. అంటే మనలాంటివాడు. యూదుడు, కానీ ఉండేది పరాయి దేశంలో, పారసీకుల రాజు అర్తహషస్త కోటలో. రాజుకు ద్రాక్షారసం గిన్నె అందించడం ఆయన పని. సొంత పట్నం యెరూషలేము గోడలు కూలి, గుమ్మాలు కాలిపోయి ఉన్నాయని ఊరి నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. సెలవు తీసుకుని పోయి ఆ గోడ కట్టించాడు. 52 రోజుల్లో. నేను పని షెడ్యూళ్ళు రాసేవాణ్ణి, ఆ లెక్క నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఐదో అధ్యాయంలో గోడ పని నడుస్తుండగా కూలోళ్ళు మొర పెడతారు. పొలాలు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువబెట్టి గింజలు తెచ్చుకున్నాం, రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేశాం, మా పిల్లలు దాస్యానికి పోతున్నారు అని. వాళ్ళకు మిత్తికి ఇచ్చిందెవరో కాదు, వాళ్ళ సొంత పెద్దమనుషులే. నెహెమ్యాకు కోపం వచ్చింది. సభ పెట్టి అందరి ముందు నిలదీశాడు. అక్కడే ఒక మాట ఉంది. తాను, తన బంధువులు కూడా అప్పు ఇచ్చినవాళ్ళమే అని ఒప్పుకున్నాడు. మీరు మానండి అనలేదు, మనం మానుదాం అన్నాడు.

ఏసీ అన్న ఆ మాట దగ్గర ఆగలేదు, ముందుకు పోయాడు. నేను ఆగిపోయాను. చుట్టూ పాట పాడుతున్నారు, నాకు వినబడలేదు. నా జేబులో ఆరుగురి నాలుగు నెలల కష్టం ఉంది, దానికి నాకు దొరికే ధర మూడు వందలు.

ఆ రాత్రి పై మంచం మీద ఫోన్ వెలుగులో మొదటి అధ్యాయం నుంచి మళ్ళీ చదివాను. చిన్నప్పుడు సండేస్కూల్లో నెహెమ్యా అంటే వీరుడని చెప్పారు. చదివితే అట్ల లేదు. వార్త విన్నది కిస్లేవు నెలలో. రాజును అడిగింది నీసాను నెలలో. మధ్యలో దగ్గర దగ్గర నాలుగు నెలలు. నాలుగు నెలలు ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు, ప్రార్థన చేశాడు, గిన్నె అందిస్తూనే ఉన్నాడు. చివరికి రాజే నీ మొఖం ఎందుకట్ల ఉంది అని అడిగినప్పుడు ఈయన చాలా భయపడ్డాడని తానే రాసుకున్నాడు. దాచలేదు. రాజు నీకేం కావాలి అన్నాడు. ఆ ప్రశ్నకు, జవాబుకు మధ్యలో దేవునికి ప్రార్థన చేశాడట. ఎంతసేపు చేసి ఉంటాడు? రాజు ఎదురుగా ఉన్నాడు. ఒక శ్వాసంత. ఆ వెంటనే అడిగాడు, అదీ వివరంగా: ఇన్ని రోజులు సెలవు, దారిలో అధికారులకు ఉత్తరాలు, గుమ్మాలకు కలప, అడవి చూసే అధికారి పేరుతో సహా.

నేను అప్పటిదాకా ఏమనుకున్నానంటే, దేవుడు ముందు భయం తీసేస్తాడు, ఆ తర్వాత మనం అడుగు వేస్తాం అని. రెండేళ్ళు దానికోసమే ప్రార్థన చేశాను. డిప్లొమా సంగతి కూడా అట్లనే ఎదురుచూస్తూ వదిలేశాను. ఇక్కడ చూస్తే భయం పోయినట్టు ఎక్కడా రాసి లేదు. భయంతోనే అడిగాడు. ప్రార్థన ఆయనకు భయాన్ని తీసేయలేదు, నోరు తెరిపించింది. ఇది నా అభిప్రాయం, పండితులు వేరే చెప్తారేమో.

పొద్దున్నే ఆరుగురి దగ్గరికి పోయాను. కాగితంలో నిజంగా ఏముందో తెలుగులో చెప్పాను. ఇద్దరు తిట్టారు, తిట్టాలి కూడా. కాక తిట్టలేదు. "నేను సంతకం పెట్టింది నిన్ను జూసిరా, కాగితం జూసి కాదు" అన్నాడు. తొమ్మిదేండ్లయినా ఆ మాట చెవిలోనే ఉంది.

ముదీర్ దగ్గరికి పోయేముందు, చెప్పడానికి సిగ్గే గానీ, మూడుసార్లు బాత్‌రూముకు పోయాను. నాకు భయం కడుపులో వస్తది. ఆఫీసు ఆరో అంతస్తు. లిఫ్టులో చేసిన ప్రార్థన నాకు బాగా గుర్తు: "ప్రభువా, నా గొంతు వణకొద్దు" అని. వణికింది. "సంతకాలు కావు సార్, జీతం ముట్టనిది ముట్టిందని ఎట్ల పెడ్తారు" అన్నాను. ఆయన గట్టిగా అరవలేదు. "నీ వీసా రెన్యువల్ ఆగస్టులో ఉంది, తెలుసా?" అన్నాడు. నెమ్మదిగా అన్నాడు. అరిచి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది. కాగితం నా దగ్గరే ఉండిపోయింది. ఫోటో తీసి పెట్టుకున్నాను. తర్వాత అదే మా కేసులో పనికొచ్చింది.

నెహెమ్యా యెరూషలేము చేరాక వెంటనే పని మొదలుపెట్టలేదు. మూడు రోజులు ఆగి, రాత్రిపూట కొద్దిమందితో, ఎవరికీ చెప్పకుండా గోడ చుట్టూ తిరిగి ఎక్కడెక్కడ కూలిందో చూశాడు. ఒకచోట ఎక్కిన పశువు పోవడానికి కూడా సందు లేదంట. సైటు ఇన్‌స్పెక్షన్ అన్నమాట. మేమూ అదే చేశాం. నేను, నిజామాబాద్ తమ్ముడు ఒకడు, అతను ముస్లిం, ఇద్దరం మూడు రాత్రులు రూము రూముకు పోయి ఒక నోట్‌బుక్కులో రాశాం. ఎవరికి ఎన్ని నెలలు, ఎంత ఓవర్‌టైము, లేబర్ కార్డు ఎప్పటిదాకా, పాస్‌పోర్టు ఎవరి దగ్గర, కాంట్రాక్టు కాపీ ఉందా లేదా. 23 మందిలో కాంట్రాక్టు కాపీ ఉన్నవాళ్ళు ఐదుగురు. అప్పుడు తెలిసింది మా గోడ ఎక్కడెక్కడ కూలి ఉందో.

క్యాంపులో అందరికీ ఉన్న భయం ఒక్కటే: కంప్లయింట్ ఇస్తే బ్యాన్ పడుతుంది, ఇంటికి పంపిస్తారు. ఎవరో ఎవరికో చెప్పిన మాట. కనుక్కుంటే సంగతి వేరు. 2016 జనవరి నుంచి వచ్చిన నిబంధన ప్రకారం రెండు నెలలకు మించి జీతం ఇవ్వకపోతే కార్మికుడు వేరే కంపెనీకి మారవచ్చు. ఆ మాట మాకు చెప్పింది ఇట్లాంటి ఒక సంఘంలో పనిచేసే పెద్దమనిషే. ఇంకో సంగతి కూడా చెప్పాడు: కంప్లయింట్ ఇచ్చాక కోపంతో పని మానేయకండి, వరుసగా ఏడు రోజులు రాకపోతే పరారీ కేసు పెట్టే వీలు వాళ్ళకు దొరుకుతుంది. గోడ కట్టేటప్పుడు నెహెమ్యా మనుషుల్లో సగం మంది పని చేశారు, సగం మంది కావలి కాశారు. మేం 23 మందిమీ అట్లనే పంచుకున్నాం. కొందరు సైటులో, వంతులవారీగా ఇద్దరు ముగ్గురు సర్వీస్ సెంటర్లో.

ఆఫీసుకు పోయింది జూన్ రెండో వారం. రంజాన్ మొదలైంది. ఆఫీసు వేళలు తక్కువ, ఎండ ఎక్కువ. నిజామాబాద్ తమ్ముడు ఉపవాసంతో, చుక్క నీళ్ళు లేకుండా నాతోపాటు క్యూలో నిలబడ్డాడు. నేను చాటుగా పోయి నీళ్ళు తాగి వచ్చేవాణ్ణి. అతను నవ్వేవాడు. విశ్వాసం గురించి ఆ పదిహేను రోజులు నేను అతని దగ్గర చాలా నేర్చుకున్నాను. అతను నా దగ్గర ఏమైనా నేర్చుకున్నాడో లేదో నాకు తెలియదు.

అన్నిటికంటే కష్టమైన అడుగు ఇది కాదు. మా ఇంటామెకు చెప్పడం. నాలుగు నెలలుగా జీతం లేదని ఆమెకు చెప్పలేదు. వాళ్ళ దగ్గర వీళ్ళ దగ్గర బదులు తెచ్చి పంపుతూ ఉన్నాను. ముదీర్ ముందు నోరు తెరిచినవాణ్ణి, ఆమెకు ఫోన్ చేసి మూడు నిమిషాలు బియ్యం ధర మాట్లాడాను. చివరికి చెప్పాను. అటువైపు చప్పుడు లేదు. తర్వాత, "నాకు ఎరుకే" అన్నది. "ఎట్లెరుక?" అంటే, "నెలకొకల పేరు మీద పైసలొస్తుంటే ఎరుక గాదా? నువ్వే చెప్తవని చూస్తున్న" అన్నది. అన్నలారా, మనం ఇండ్లల్లో దాస్తున్నామని అనుకునేవి చాలావరకు వాళ్ళకు తెలుసు. ఒంటరిగా మోస్తున్నది మనం ఒక్కరమే కాదు, రెండు దిక్కులా మోస్తున్నాం. ఆ రోజు ఫోన్లోనే ఇద్దరం ప్రార్థన చేశాం. పుస్తెలతాడు బ్యాంకులో పెట్టి మిత్తి కట్టింది. ఆమె ధైర్యం గురించి ఎవరూ సాక్ష్యం చెప్పమని పిలవరు.

ఇక ఫలితం సంగతి. రాజీ కూర్చోబెట్టినప్పుడు కంపెనీ మందూబ్ వచ్చి నగదు ఇచ్చేశాం అన్నాడు. అధికారి బ్యాంకు కాగితం చూపించు అన్నాడు. 2009 నుంచి జీతాలు బ్యాంకు ద్వారానే పోవాలనే పద్ధతి ఉంది కదా, డబ్ల్యూపీఎస్. వాళ్ళ దగ్గర ఏమీ లేదు. మా దగ్గర సంతకాల కాగితం ఉంది, 23 గడుల్లో 17 ఖాళీ. రెండు నెలల జీతం ఇప్పుడే ఇస్తాం, కేసు వదిలేయండి అన్నారు. తొమ్మిది మంది ఒప్పుకున్నారు. జగిత్యాల కాక అందులో ఒకడు. బిడ్డ లగ్గం ముహూర్తం దగ్గర పడింది. "మీరు కొట్లాడుండ్రి, నాకు టైం లేదు" అని ఇంటికి పోయాడు. ఆయనకు విశ్వాసం తక్కువ, మాకు ఎక్కువ అని నేను ఎప్పుడూ అనను. ఖాళీ చేతులతో, ఊరంతా చూస్తుండగా బస్సు దిగడానికి కూడా గుండె కావాలి. ఇప్పుడు పసుపు వేస్తున్నాడు. తవ్వకాలప్పుడు నాకు వాయిస్ మెసేజ్ పెడతాడు.

మిగిలిన 14 మందిమి కోర్టుకు పోయాం. కార్మికుడికి కోర్టు ఫీజు లేదు, కానీ రోజులు పట్టాయి. ఏడు నెలలు. తీర్పు వచ్చింది కాంట్రాక్టులో ఉన్న 800 లెక్కనే. ఊర్లో చెప్పిన 1,200 ఎక్కడా రాసి లేదు కాబట్టి నెలకు 400 చొప్పున పోయాయి. నేను ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇదే. నోటిమాట జీతం కోర్టుకు వినబడదు. ఈ మధ్య పద్ధతి కొంత మారింది. 2024 జనవరి నుంచి యాభై వేల దిర్హాముల లోపు తగాదా అయితే కార్మిక శాఖే తీర్పు ఇవ్వవచ్చు, అన్నిటికీ కోర్టు దాకా పోవాల్సిన పని లేదు.

ఆ మధ్యలో జూన్, జూలై రెండు నెలలు జీతం లేదని మొదట్లో చెప్పాను కదా. చర్చివాళ్ళు బియ్యం, పప్పు తెచ్చారు. జెబెల్ అలీలో చర్చిల పక్కనే గురుద్వారా ఉంది. సహవాసం అయిపోగానే చాలా శుక్రవారాలు మేం అక్కడ లంగర్‌లో తిన్నాం. నెత్తికి రుమాలు కట్టుకుని కూర్చుంటే ఎవరివి అని ఎవరూ అడగలేదు. రొట్టె రెండు చేతులతో పట్టాలని నాకు అక్కడే తెలిసింది. ఆగస్టులో వేరే కంపెనీకి మారాను, మళ్ళీ కార్పెంటర్‌గానే, 1,300కు. ఈసారి కాంట్రాక్టు చదివి సంతకం పెట్టాను.

ఒకసారి నోరు తెరిచాక రెండోసారి కొంచెం సులువు అనుకుంటారు. నాకు కాలేదు. ఇనుప పెట్టెలో డిప్లొమా ఉంది కదా. దాన్ని అటెస్టేషన్ చేయించి సూపర్‌వైజర్ పోస్టుకు అడగాలంటే మళ్ళీ అదే కడుపునొప్పి. తొమ్మిదేండ్లుగా పుస్తకం ముట్టలేదు, ఇంగ్లీషు ఇంటర్వ్యూ, ఇన్నాళ్ళు సుత్తె పట్టినవాణ్ణి. పైగా లెక్క చూస్తే కార్పెంటర్‌గా ఓవర్‌టైముతో 1,900 దాకా వస్తున్నాయి, అసిస్టెంట్ సూపర్‌వైజర్‌కు 1,800, ఓవర్‌టైము లేదు. అంటే ముందుకు పోవడానికి ముందు వంద వెనక్కి పోవాలి. మిత్తి కట్టేవాడికి వంద అంటే వందే.

ప్రార్థన చేశాను. ఈసారి ప్రార్థన చేస్తూ లిస్టు కూడా రాశాను, నెహెమ్యా కలప అడిగినట్టు. మా ఇంటామె చిన్నవాణ్ణి చంకన వేసుకుని హైదరాబాద్ ఆఫీసులకు తిరిగింది. బోర్డు దగ్గర వెరిఫికేషన్, రాష్ట్రం సంతకం, ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర, ఇక్కడి దేశం ఎంబసీ ముద్ర, చివరికి ఇక్కడ విదేశాంగ శాఖ ముద్ర. నాలుగు నెలలు పట్టింది. నవ్వకండి, మళ్ళీ నాలుగు నెలలే.

2018లో ఇంటర్వ్యూ. కాలమ్ షట్టరింగ్ నిలువు ఎట్ల చెక్ చేస్తావు అని అడిగారు. ఇంగ్లీషు గొంతులో ఇరుక్కుంది. పెన్ను అడిగి కాగితం మీద కాలమ్ గీశాను, పై నుంచి గుండు వదిలాను, పైన సందు ఎంత, కింద సందు ఎంత, రెండూ ఒకటే ఉండాలి అని అంకెలు వేసి చూపించాను. బాపు నేర్పిందే. ఇంజనీరు ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఎప్పుడు చేరతావు అన్నాడు.

ఇప్పుడు సూపర్‌వైజర్‌ను. నా కింద నలభై మంది. ఇప్పుడు నాకున్న భయం వేరే. వాళ్ళు నా మొఖం చూసి సంతకం పెడతారు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ చట్టం. పోయిన జూలైలో శ్లాబు షట్టరింగ్ వెనుకబడింది. ఒక్క అరగంట, ఒక్క అరగంట అని పై నుంచి ఫోన్ మీద ఫోన్. పన్నెండున్నరకు నేను విజిల్ ఊదాను. చేతులు చల్లబడ్డాయి, 46 డిగ్రీల ఎండలో. పని ఒక రోజు ఆలస్యమైంది, నాకు ఒక వార్నింగ్ లెటర్ వచ్చింది. ఫైల్లో పెట్టుకున్నాను. అట్లాంటి లెటర్లు ఇంకా వస్తాయేమో, రెన్యువల్ టైముకు వాటిని తీసి ముందర పెడతారేమో. ప్రార్థన చేస్తూనే ఉన్నాను.

నా టైము అయిపోయినట్టుంది, అన్న గడియారం చూపిస్తున్నాడు. అప్పటి నోట్‌బుక్కు ఇదిగో, తెచ్చాను. అట్ట ఊడిపోయింది. 23 పేర్లు. ఈ మధ్య దీని వెనక పేజీల్లో కొత్త పేర్లు రాస్తున్నాను. భోజనాల తర్వాత నేను, మన నిజామాబాద్ తమ్ముడు, అదిగో తెల్ల చొక్కాలో ఉన్నాడు, ఇద్దరం వెనక తలుపు పక్క టేబుల్ దగ్గర కూర్చుంటాం. జీతం ఆగినవాళ్ళు, కాంట్రాక్టులో ఏముందో తెలియనివాళ్ళు, సర్టిఫికెట్ పెట్టెలో ఉన్నవాళ్ళు రండి. కాగితం లేకపోయినా ఫోన్లో ఫోటో ఉంటే చాలు. కండ్లద్దాలు ఉన్నవాళ్ళు తెచ్చుకోండి.